కాలేజీలో ఎప్పుడూ అదే నలుగురు ముందుకొస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది మండల కేంద్రంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఈ ఏడాది ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యత నాకిచ్చారు. పిల్లల్లో నాయకత్వ లక్షణాలు పెంచడానికి రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టమని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఒక మోటివేషనల్ స్పీకర్‌తో మాట్లాడి పెట్టాం. మా పిల్లల్లో ఎక్కువమంది పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిపోయేవాళ్లు, తెలుగు మీడియం. అడిగినా నోరు విప్పరు. ఏ కార్యక్రమం పెట్టినా అదే నలుగురు చేస్తారు. ఈ వర్క్‌షాప్‌తో ఏమైనా మారుతుందంటారా?

సమాధానం:

మారదండీ. రెండు రోజులు హాలు చప్పట్లతో మోగుతుంది, ఫొటోలు బాగా వస్తాయి, కాలేజీల నాణ్యత చూసే న్యాక్ ఫైల్లో ఒక రిపోర్టు చేరుతుంది. మూడో రోజు నుంచి మళ్లీ అదే నలుగురు.

నేనూ మీలాగే డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా చేశాను. మన కాలేజీల్లో పిల్లలకు పనులు బోలెడు చెబుతాం, నిర్ణయాలు మాత్రం మన దగ్గరే ఉంచుకుంటాం. కుర్చీలు మోయమంటాం. ఎన్ని కుర్చీలు కావాలో, ఏ టెంట్ హౌస్‌లో తేవాలో, ఎంతకు బేరం కుదుర్చుకోవాలో మనమే చూసుకుంటాం. అలా మూడేళ్లు కుర్చీలు మోసిన పిల్లాడికి కుర్చీలు మోయడం బాగా వస్తుంది. నాయకత్వం రావాలంటే ఏదో ఒక విషయంలో ఆఖరి మాట అతనిది కావాలి, అది తప్పయితే దాని ఫలితం అతనే సర్దుకోవాలి. మిగతాదంతా దీని చుట్టూ చేసుకునే ఏర్పాట్లే.

ముందు మీ బస్సుల సంగతి చూడండి. కమిటీ మీటింగ్ సాయంత్రం నాలుగున్నరకు పెడితే ఎవరు వస్తారు? ఊళ్లోనే ఇల్లున్నవాళ్లు, హాస్టల్ పిల్లలు, బండి ఉన్న అబ్బాయిలు. నాలుగింటి పల్లెవెలుగు తప్పితే చీకటి పడ్డాక గానీ ఇంకో బస్సు లేని అమ్మాయి ఎలా వస్తుంది? ఆ నలుగురికి మిగతావాళ్ల కంటే తెలివి ఎక్కువో కాదో గానీ, సాయంత్రాలు ఖాళీ. కాలేజీ అయ్యాక మెడికల్ షాపులోనో కిరాణా కొట్లోనో పనిచేసే అబ్బాయిలూ మీ దగ్గర ఉండే ఉంటారు. అందుకని మీటింగులన్నీ మధ్యాహ్నం భోజనాల వేళకో, ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి టైమ్‌టేబుల్లో వారానికి ఒక పీరియడ్‌కో మార్చండి. స్పీకర్‌కిచ్చే డబ్బుతో పోలిస్తే దీనికి పైసా ఖర్చు లేదు. రెండు నెలలు తిరిగేసరికి మీరెప్పుడూ వినని గొంతులు వినపడతాయి.

ఎన్‌ఎస్‌ఎస్ మీ చేతికి రావడం మంచిదే అయింది. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో 37 విశ్వవిద్యాలయాలతో మొదలుపెట్టినప్పుడే దీని ఉద్దేశం సేవ ద్వారా విద్యార్థి వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దడం. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటల సేవ, ఒక దత్తత గ్రామం, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఈ శిబిరం ఒక్కటి సరిగ్గా నడిపితే పది వర్క్‌షాపుల పెట్టు. అయితే చాలాచోట్ల దాన్ని మాస్టార్లే నడుపుతారు, పిల్లలు చీపుర్లు పట్టుకుని ఫొటోలకు నిలబడతారు.

శిబిరంలో అన్నిటికంటే గొప్ప బడి వంటల కమిటీ. నవ్వకండి. యూనిట్ వందమందిలో సగం మంది, అంటే యాభై మంది శిబిరానికి వస్తారు. పూటకు మనిషికి 150 గ్రాముల బియ్యం అనుకుంటే ఏడున్నర కిలోలు. ఇది కాగితం మీది లెక్క. పొద్దున మూడు గంటలు పలుగూ పారా పట్టిన కుర్రాళ్ల ముందు ఈ లెక్క నిలవదు, రెండో పూటకే అన్నం చాలదు. అప్పుడు మీరు పరుగెత్తకండి. కమిటీ పిల్లల్నే చూడనివ్వండి. ఒకరు పక్కింటి పొయ్యి మీద ఇంకో ఎసరు పెట్టిస్తారు, ఒకరు వరసలో ఉన్నవాళ్లకు సర్దిచెబుతారు, ఒకరు కళ్లనీళ్లు పెట్టుకుని మీ వైపు చూస్తారు. మీరు కదలకపోతే ఐదు నిమిషాల్లో ఆ మూడో మనిషి కూడా లేచి ఏదో ఒకటి చేస్తారు. మీ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన ఐదు నిమిషాలు అవేనని ముందే చెబుతున్నాను. రాత్రి సమీక్షలో ఒకే ప్రశ్న అడగండి: రేపటికి ఏం మారుస్తారు? ఎవరిది తప్పు అన్నది అడిగితే మరునాటి నుంచి బాధ్యత తీసుకునేవాళ్లు ఉండరు.

అదే కమిటీకి స్టాక్ రిజిస్టరు ఇవ్వండి. తెచ్చింది, వాడింది, మిగిలింది అని మూడు గడులు చాలు. మాటకారి కాని పిల్లలు ఇక్కడ బయటపడతారు. స్టేజీ ఎక్కమంటే వణికిపోయే అమ్మాయి నూనె డబ్బా దగ్గర నిలబడి, "నిన్న రాసిన దానికీ ఈ డబ్బాకీ లెక్క కుదరట్లేదు, ఎవరు తీశారు?" అని సీనియర్ని నిలదీయడం చూస్తే మీకే తెలుస్తుంది, మీరు వెతుకుతున్న లక్షణం ఏమిటో. మైకు ముందు మాట్లాడగలగడాన్నే నాయకత్వం అనుకోవడం మన కాలేజీలకున్న పెద్ద జబ్బు.

డబ్బు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మీ పేరు మీద డ్రా చేసిన అడ్వాన్స్‌కు లెక్క చెప్పాల్సింది మీరే, ఆడిట్‌లో నిలబడాల్సింది మీరే. కాబట్టి మొత్తం పిల్లల చేతిలో పోయడం కుదరదు. రోజుకు రెండు మూడు వేల చొప్పున ఇవ్వండి. డబ్బు ఒకరి దగ్గర, పద్దు ఇంకొకరి దగ్గర ఉండాలి. ముందురోజు బిల్లులు, మిగులు చూపిస్తేనే తరవాతి డబ్బు. బిల్లు ఇవ్వని కూరగాయల దగ్గర కాగితం మీద రాయించి సంతకం తీసుకోవడం నేర్పండి. ఆ రోజు లెక్కను రాత్రికి శిబిరం దిగిన ఊరి బడి గోడ మీద అందరికీ కనపడేలా అంటించాలి. ఈ చివరిది మానకండి. లెక్క గోడెక్కిన చోట గుసగుసలు ఉండవు, కమిటీ పిల్లలకు తలెత్తుకుని తిరిగే ధైర్యం వస్తుంది. తరవాత ఏ ఇంటర్వ్యూలోనో "మీరు నడిపిన కార్యక్రమానికి ఎంత ఖర్చయింది, ఎక్కడ తగ్గించారు?" అని అడిగితే తడుముకోరు. ఈవెంట్ ఆర్గనైజ్ చేశానని బయోడేటాలో రాసుకుని ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయే పిల్లల్ని చాలామందినే చూశాను.

శిబిరానికి ఇంకా టైముంటే రక్తదాన శిబిరంతో మొదలుపెట్టండి. ఒక్కరోజు పని, కానీ ఆలోచించాల్సినవి చాలా ఉంటాయి. 18 ఏళ్లు నిండాలి, 45 కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మీ ఫస్టియర్ పిల్లల్లో చాలామందికి 18 నిండి ఉండవు. మరి వాళ్లకేం పని ఇవ్వాలి? పొద్దున ఏమీ తినకుండా మొదటి బస్సు పట్టుకుని వచ్చినవాళ్లకు టిఫిన్ ఎలా? రక్తం ఇచ్చాక కాసేపు కూర్చోబెట్టి ఏదైనా తాగించి పంపాలి, ఆ కాసేపు ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? ఇవన్నీ మీకు తెలిసినా చెప్పకండి. లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుకు వెళ్లి అడిగి రమ్మనండి. నలుగురైదుగురు కలిసి వెళ్లి డాక్టరుతో మాట్లాడి, విన్నది రాసుకొచ్చి మిగతావాళ్లకు చెప్పడమే పెద్ద శిక్షణ.

ఇంకో సంగతి. మన దగ్గర అమ్మాయిల్లో రక్తహీనత ఎక్కువ. ధైర్యంగా పేరిచ్చిన వాళ్లలో చాలామంది పరీక్ష దగ్గరే వెనక్కి వస్తారు. "నీకు రక్తం లేదట" అని బయట ఒక వెధవ నవ్వాడంటే వచ్చే ఏడాది ఒక్క అమ్మాయి పేరివ్వదు. దీన్ని ముందే ఊహించి పరీక్ష వేరే గదిలో పెట్టించాలనీ, వెనక్కి పంపినవాళ్లకు అదే గదిలో ఆహారం గురించి నర్సుతో చెప్పించాలనీ పిల్లల్లో ఎవరికైనా తోచిందనుకోండి, వాళ్ల పేరు రాసి పెట్టుకోండి. ఎదుటి మనిషికి ఎక్కడ నొప్పి పుడుతుందో ముందుగా చూడగలిగిన వాళ్లు వాళ్లు. ఎవరికీ తోచకపోతే ముందురోజు మీరు ఒక ప్రశ్నగా అడగండి: "పరీక్షలో కుదరదన్న వాళ్లు బయటికి ఎలా వస్తారు?" అంతవరకే. జవాబు వాళ్లనే వెతుక్కోనివ్వండి.

ఇక మొహమాటం లేకుండా ఒక మాట. మీ నలుగురి జాబితా తీసి చూడండి. వాళ్లలో అమ్మాయిలు ఎందరు? దళిత, గిరిజన పిల్లలు ఎందరు? ఇంగ్లిష్ కాస్త గలగలా మాట్లాడే అబ్బాయిని క్లాసు ప్రతినిధిగా, అంటే సీఆర్‌గా పెట్టడం, అమ్మాయిలకు ముగ్గులు, బొకేలు, యాంకరింగ్ అప్పగించడం మనకు అలవాటైపోయింది. రవాణా అమ్మాయికి ఇవ్వండి, ఆటోవాడితో బేరం ఆమే ఆడుతుంది. వంట అబ్బాయిలకు ఇవ్వండి. గ్రామంలో సర్పంచ్ గారింటికి వెళ్లే బృందంలో అన్ని వర్గాల పిల్లలూ ఉండేలా మీరే చూడాలి, ఇది మాత్రం వాళ్లకు వదలొద్దు. ఊరి బడిలో దిగి, ఊళ్లోనే పని చేసి, ఎస్సీ కాలనీ వైపు ఒక్కసారి కూడా వెళ్లకుండా తిరిగొచ్చిన శిబిరాలు ఉన్నాయి. ఊళ్లో చేసే సర్వే ఆ కాలనీ నుంచే మొదలవ్వాలని, భోజనాలు ఒకే వరసలో జరగాలని మొదటి రోజే చెప్పేయండి. పెద్దమనుషులెవరైనా నసిగితే మాట్లాడాల్సింది మీరు. ఇరవై ఏళ్ల పిల్లల్ని ఆ గొడవకు ముందు పెట్టకూడదు.

నోరు విప్పరన్నారు కదా, ఏ భాషలో విప్పమన్నారు? ముందు తెలుగులో మాట్లాడనివ్వండి, వాళ్ల ఊరి యాసలోనే. 1924లో అమెరికాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల పద్ధతి ఒకటి మనకు బాగా పనికొస్తుంది. చీటీ తీసి, అందులో ఉన్న విషయం మీద అప్పటికప్పుడు ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. నిమిషానికి పచ్చ కార్డు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. టైము చూసేది ఒక విద్యార్థి, ఎలా మాట్లాడారో చెప్పేది ఇంకో విద్యార్థి. మాట్లాడేవాడి కంటే వినిచెప్పేవాడికి ఎక్కువ శిక్షణ దొరుకుతుందని నా అభిప్రాయం. విషయాలు మాత్రం వాళ్ల బతుకులోంచి ఉండాలి: మా ఊరి చెరువు, బస్సు పాసు, కాలేజీ మరుగుదొడ్డి. "యువతే దేశ భవిత" లాంటివి వేస్తే అందరూ ఒకే వ్యాసం అప్పజెబుతారు. ఆ తరవాత మెట్టు దత్తత గ్రామంలో గ్రామసభ. తాము చేసిన మరుగుదొడ్ల సర్వేనో, మంచినీళ్ల సర్వేనో సర్పంచ్, కార్యదర్శి, ఊరి జనం ముందు పిల్లలే చదివి వినిపించాలి. అక్కడ ఎవరో లేచి "మా వీధికి రానేలేదు, ఏం సర్వే?" అంటారు. దానికి తడబడకుండా సమాధానం చెప్పిన పిల్లాడికి గ్రూప్ డిస్కషన్ పెద్ద లెక్క కాదు.

మీటింగుల గురించి తక్కువే చెబుతాను. వాట్సాప్ గ్రూపులో "ఓకే సార్" అని బొటనవేళ్లు వస్తే పని అయిపోయినట్టు అనుకోవద్దు. ఒక నోటు పుస్తకంలో పని, ఎవరు, ఏ తేదీకి అని రాయాలి. "అందరం చూసుకుంటాం" అని రాయనివ్వకండి, ప్రతి పనికీ ఒకే పేరు ఉండాలి. మీటింగు నడిపేవాళ్లు, రాసేవాళ్లు ప్రతిసారీ మారాలి. మీరు చివరి బెంచీలో కూర్చోండి. పిల్లలు మాటిమాటికీ మీ మొహం చూస్తుంటే కొన్నాళ్లు అసలు వెళ్లకండి, పుస్తకం తెప్పించుకుని చదవండి.

అసలు ఇబ్బంది స్నేహితుడికి పని చెప్పాల్సి వచ్చినప్పుడు వస్తుంది. బ్యానర్ తెస్తానన్నవాడు తేలేదు, వాడు రోజూ పక్కన కూర్చునేవాడే. ఇక్కడ మంచి పిల్లలు కూడా రెండే దారులు పడతారు. ఏమీ అనకుండా తామే పోయి తెస్తారు, లేదా అందరి ముందూ అరుస్తారు. మొదటి రకం పిల్లలే తరవాత "మనుషులతో పెట్టుకోలేను" అని అన్నీ వదిలేస్తారు, మంచి పిల్లల్ని మనం పోగొట్టుకునేది ఇక్కడే. వాళ్ల చేత ముందే ఆ మాటలు పలికించి సాధన చేయించండి: "బుధవారానికి తెస్తానన్నావు, రాలేదు. ఏమైంది? రేపు పదింటికల్లా తేగలవా, లేక ఇంకెవరికైనా ఇవ్వనా?" విడిగా పిలిచి అడగాలి, కారణం వినాలి, తరవాత తేదీ తీసుకోవాలి. ఇది రెండుసార్లు క్లాసులో నాటకంలా ఆడిస్తే సిగ్గు పోతుంది. సీనియర్లు జూనియర్లను కసిరి పని చేయించడం నాయకత్వమని పొరపడకుండా కూడా చూడండి. అది ఎక్కడికి పోతుందో మనకు తెలుసు, 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది అందుకే.

ఎన్నికలు పెట్టాలా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. గొడవలు, రక్తపాతం నిజమే. కానీ వెంకయ్య నాయుడు గారు 1973-74లో ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘం అధ్యక్షుడు, జైపాల్ రెడ్డి గారు ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు. ఓట్లడిగి, ఓడి, గెలిచి నేర్చుకునే ఆ దారి మూసేశాక దాని బదులు మనం ఏమీ కట్టలేదు, నామినేషన్లు తప్ప. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట ఇప్పటికీ ఓట్లు పడుతున్నాయి. విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ 2006లో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, అచ్చు పోస్టర్లు వద్దని, కనీసం 75 శాతం హాజరుండాలని చెప్పింది. మీరు అంత దూరం పోనక్కర్లేదు. క్లాసు ప్రతినిధి వరకు చీటీల మీద రహస్య ఓటు పెట్టండి. పోటీ చేసేవాళ్లు రెండు నిమిషాలు మాట్లాడి, తాము చేయబోయే ఒకే ఒక్క పని చెప్పాలి. సెమిస్టరు చివర అది జరిగిందో లేదో ఆ క్లాసే అడగాలి. అయితే మొదటి సెమిస్టరులో మాత్రం ఓటు వద్దు, రోల్ నంబర్ల వరసలో నెలకు ఇద్దరి చొప్పున బాధ్యత తిప్పండి. ఒకరి పని ఒకరు చూశాక వేసే ఓటుకూ, కులం చూసో ఊరు చూసో వేసే ఓటుకూ తేడా ఉంటుంది.

పిల్లలకు వదలకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. నీళ్లు, వాహనాలు, కరెంటు, రాత్రి ప్రయాణం, అమ్మాయిల బస. ఈ ఐదింట్లో ఆఖరి మాట ఎప్పుడూ మీదే. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. శిబిరం ఊళ్లో చెరువో కాలువో ఉంటే ఈతకు దిగడం నిషేధం అని ముందే చెప్పండి, ఓటు పెట్టకండి. అన్నం తగ్గితే ఒక పూట ఆకలి, బ్యానర్ రాకపోతే కాస్త పరువు. పిల్లలు తప్పులు చేస్తూ నేర్చుకోవాల్సింది అలాంటి చోట్లే.

ఫలితం ఎప్పుడు తెలుస్తుందని ప్రిన్సిపాల్ గారు అడుగుతారు. మీరు ఒకరోజు సెలవు పెట్టి చూడండి. కార్యక్రమం వాయిదా పడిందా, జరిగిందా? మీకు ఫోన్ వచ్చిందా? వస్తే "సార్, ఏం చేయమంటారు?" అన్నారా, "సార్, ఇలా చేశాం, మీకు చెబుదామని" అన్నారా? ఈ రెండో రకం ఫోన్ మొదటిసారి రావడానికి నా అనుభవంలో ఏడాది దాకా పట్టవచ్చు. అందుకే ఫైనలియర్ వాళ్లను పట్టుకుని లాభం లేదు, ఫస్టియర్ నుంచే మొదలుపెట్టాలి.

మీరు మాట్లాడి పెట్టిన ఆ స్పీకర్ గారిని వద్దనకండి, ప్రిన్సిపాల్ గారి మాట కూడా నిలబడాలి కదా. రెండు రోజుల్ని ఒక పూటకు కుదించమనండి, మిగిలిన డబ్బు రక్తదానం కమిటీకి ఇప్పించండి. ఆయనకు ఫోన్ చేసి తేదీ ఖాయం చేయడం, రైల్వే స్టేషన్ నుంచి తీసుకురావడం, భోజనం, హాలు, మైకు, వేదిక మీద ఎవరు కూర్చోవాలి, ఉపన్యాసం గంట దాటితే చీటీ ఎవరు పంపాలి, అన్నీ ఇప్పటిదాకా ఏ కమిటీలోనూ లేని పిల్లలకు అప్పగించండి. మీ పాత నలుగురినీ ఆ రోజు ప్రేక్షకుల్లో కూర్చోబెట్టండి. కాస్త అలుగుతారు. సర్దుకుంటారులెండి, వచ్చే నెల నుంచి కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత వాళ్లదేనని ముందే చెప్పి ఉంచండి.